కారు ఒకరిది, సీటు ఒకరిది, బానెట్ ఇంకొకరిది: రేసు కుర్రవాడికి స్పాన్సర్‌ను వెతికే పద్ధతి

చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో రేసులున్న ఆదివారం పొద్దున్నే పాడాక్‌లో, అంటే జట్లు కార్లు సిద్ధం చేసుకునే ఆవరణలో, కాసేపు నిలబడితే తమిళం మధ్య తెలుగు కూడా చెవిన పడుతుంది. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడిన కుటుంబాల పిల్లలు కొందరు కార్టింగ్‌తో మొదలుపెట్టి ఫార్ములా ఎల్‌జీబీ అనే ఒంటి సీటు రేసు కార్ల దాకా వచ్చారు. వాళ్ల తండ్రులు నన్ను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "మావాడి ల్యాప్ టైం బాగుందండీ, ఎవరైనా స్పాన్సర్ దొరుకుతారా?" నేను వృత్తిరీత్యా లెక్కలు రాసేవాణ్ణి. మా అక్క కొడుకు రేసుల్లో దిగిన నాటి నుంచి వాడికీ, వాడి స్నేహితులకూ స్పాన్సర్ ఉత్తరాలు రాసిపెట్టడం నా సెలవురోజు పనిగా మారింది. ఆ అనుభవంతో చెబుతున్నాను: ల్యాప్ టైం, అంటే ట్రాక్ ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయం, చూసి డబ్బిచ్చిన వ్యాపారి నాకు ఇంతవరకూ తారసపడలేదు. వ్యాపారి దేనికి డబ్బిస్తాడో తెలుసుకోవాలంటే అమెరికాలోని స్టాక్ కార్ రేసింగ్‌ను, అంటే నాస్కార్‌ను, కొంచెం శ్రద్ధగా చూడాలి.

ఫార్ములా వన్ ఉండగా నాస్కార్ ఎందుకని మా మేనల్లుడే మొదట ముఖం చిట్లించాడు. ఫార్ములా వన్‌లో ఫెరారీ, మెర్సిడెస్ వంటి కార్ల కంపెనీలే కొన్ని జట్లు నడుపుతాయి. అక్కడి డబ్బు నడక మన అంచనాకు అందేది కాదు. నాస్కార్ 1948లో బిల్ ఫ్రాన్స్ చేతుల మీదుగా పుట్టింది. 1949లో మొదలైన దాని ప్రధాన పోటీలో షోరూమ్‌లో అమ్మే కారునే పెద్ద మార్పులేమీ లేకుండా పరుగెత్తించాలన్నది నియమం. స్టాక్ కార్ అన్న పేరు అందుకే వచ్చింది. ఇప్పటి కార్లు పూర్తిగా రేసు కోసమే తయారవుతున్నాయి, పైకి మాత్రం కమారో, మస్టాంగ్, కామ్రీల పోలికలు మిగిలాయి. ఆ ఆటను ఇన్ని దశాబ్దాలు పోషించింది బ్యాటరీలు, పెయింట్లు, కాఫీ పొడి, ఇంటి సామాను అమ్ముకునే కంపెనీలు. మనం తలుపు తట్టబోయేది కూడా అటువంటి వ్యాపారుల ఇళ్లే.

ముందు ఎవరిది ఏమిటో తేల్చుకోండి

స్పాన్సర్‌ను అడగబోయే ముందు తేల్చుకోవలసిన మొదటి విషయం, మీరు అమ్మదలచినది అసలు మీదేనా అన్నది. నాస్కార్‌లో ఈ తేడా స్పష్టంగా రాసిపెట్టి ఉంటుంది. డ్రైవర్ తన పేరు మీద పాయింట్లు కూడబెట్టుకుంటాడు; ఆ కారు యజమానికి విడిగా యజమాని పాయింట్లు చేరుతాయి. డ్రైవర్‌కు దెబ్బ తగిలి ఇంకొకరు నడిపినా యజమాని ఖాతా ఆగదు. 2016 నుంచి చార్టర్ అనే పద్ధతి వచ్చింది. అలాంటి చార్టర్లు 36 ఉన్నాయి. ఒకటి చేతిలో ఉన్న యజమానికి ప్రతి రేసులోనూ తన కారుకు చోటు ఖాయం, రాబడిలో వాటా ఖాయం. పోటీలో మామూలుగా 40 కార్లకే చోటు కాబట్టి చార్టర్ లేనివాళ్లకు మిగిలేవి నాలుగు స్థానాలు. 2018లో దివాలా తీసిన బీకే రేసింగ్ ఆస్తులు చార్టర్‌తో సహా కోర్టు ద్వారా అమ్ముడైనప్పుడు పలికిన ధర 20 లక్షల 80 వేల డాలర్లు. ఐదేళ్ల తరువాత ఇంకో చార్టర్ చేతులు మారినప్పుడు పత్రికల్లో వచ్చిన ధర దాదాపు 4 కోట్ల డాలర్లు. బాస్కెట్‌బాల్ దిగ్గజం మైకేల్ జోర్డాన్, డ్రైవర్ డెనీ హామ్లిన్ కలిసి పెట్టిన ట్వంటీత్రీ ఇలెవన్ రేసింగ్, ఫ్రంట్ రో అనే ఇంకో జట్టుతో కలిసి, 2024లో ఈ చార్టర్ షరతుల మీదనే నాస్కార్‌ను కోర్టుకు ఈడ్చింది. 2025 డిసెంబరులో విచారణ నడుస్తుండగా రాజీ కుదిరింది.

ఇందులో హామ్లిన్ స్థితి గమనించదగినది. ఆయన ఒక జట్టుకు యజమాని, కానీ నడిపేది జో గిబ్స్ జట్టు కారు. ఒకే మనిషి శనివారం తన జట్టు కోసం స్పాన్సర్‌తో మాట్లాడి, ఆదివారం మరొకరి స్పాన్సర్ పేరున్న సూటు వేసుకుని, తన సొంత కార్లనే ఓడించడానికి బయలుదేరుతాడు. అంతటి చిక్కుముడి కూడా గొడవ లేకుండా నడుస్తోందంటే, ఏది ఎవరిదో కాగితం మీద ఉండబట్టే.

ఇక మన సంగతి. చెన్నైలో కొత్తగా దిగే కుర్రవాడికి సాధారణంగా సొంత కారు ఉండదు. జట్టు యజమానికి సీజన్‌కు ఇంతని కట్టి సీటు తీసుకుంటాడు. కాబట్టి కారు జట్టుది, దాని మీది చోటు కూడా జట్టుదే. పైగా పోటీ నిర్వాహకులు తమ స్పాన్సర్ కోసం, ముఖ్యంగా టైరు కంపెనీ కోసం, కొన్ని చోట్లు ముందే కేటాయించుకుంటారు. ఈ సంగతి చూసుకోక మేము మొదటి ఏడాదే దెబ్బ తిన్నాం. ఒక దుకాణదారుకు కారు ముక్కు మీద పేరు వేయిస్తామని మాట ఇచ్చేశాం. రేసు ముందురోజు సాయంత్రం వినైల్ స్టిక్కర్ చుట్టుకుని తీసుకెళితే ఆ చోట అప్పటికే వేరే పేరు అంటించి ఉంది. స్టిక్కర్ చివరకు వెనుక చక్రం పక్కన, ఫొటోల్లో ఎక్కడా కనబడని మూలకు చేరింది.

అందుచేత జట్టు యజమాని దగ్గర కూర్చుని కారు బొమ్మను నాలుగు వైపుల నుంచీ కాగితం మీద గీయించుకోండి. ముక్కు, పక్క భాగాలు, వెనుక రెక్క, హెల్మెట్ పై అంచు, సూటు ఛాతీ, భుజాలు, టోపీ: వీటిలో ఏది మీరు అమ్ముకోవచ్చో, ఏది జట్టుదో, ఏది నిర్వాహకులదో మూడు రంగుల్లో గుర్తు పెట్టించి, కింద ఆయన సంతకం తీసుకోండి. నాస్కార్ కారును దగ్గరగా చూస్తే ఈ లెక్క ఎంత సూక్ష్మమో తెలుస్తుంది. పెద్ద డబ్బిచ్చినవాడి పేరు బానెట్ నిండా ఉంటుంది. ముందు చక్రం చుట్టూ అరచేయంత స్టిక్కర్లు గుంపుగా ఉంటాయి. అవి ఎక్కువగా విడిభాగాల కంపెనీలవి, ఫలితాన్ని బట్టి బహుమతి సొమ్ము ఇచ్చేవాళ్లవి. తలుపు మధ్యన దశాబ్దాలుగా ఉన్న కారు నంబరును 2022లో ముందు చక్రం వైపుకు జరిపారు. అభిమానులు చాలా గోల చేశారు, అయినా జరిపారు. స్పాన్సర్ పేరుకు పక్కన ఇంకొంచెం చోటు చిక్కుతుందన్నదే కారణం.

ఖర్చు రాసుకునేటప్పుడు

ఖర్చుల పట్టిక గురించి ఎక్కువ చెప్పను. సీటు రుసుము, టైర్లు, ఎంట్రీ ఫీజు, జాతీయ మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య ఇచ్చే లైసెన్సు, బీమా, ప్రయాణాలు అందరూ రాస్తారు. ఒకరిద్దరు తప్ప ఎవరూ రాయనివి రెండున్నాయి. కారు గోడకు కొడితే బాగుచేయించే ఖర్చు ఎవరిదన్నది ఒకటి. చాలా జట్లలో అది డ్రైవర్ నెత్తినే పడుతుంది. స్పాన్సర్‌కు మీరు చేసే మర్యాదల ఖర్చు రెండోది: అతిథుల భోజనాలు, పాస్‌లు, ఫొటోగ్రాఫర్, టీషర్టులు. వచ్చిన డబ్బంతా టైర్లకే పోసి, స్పాన్సర్ కుటుంబంతో రేసు చూడటానికి వస్తే మంచినీళ్ల సీసా కూడా చేతిలో పెట్టలేని పరిస్థితి నేను కళ్లారా చూశాను. వచ్చే ప్రతి రూపాయిలో కొంత భాగాన్ని మొదటే ఈ రెండో పద్దుకు తీసి పక్కన పెట్టాలి.

ఎవరిని అడగాలి

1971 జనవరిలో అమెరికాలో రేడియో, టీవీల్లో సిగరెట్ ప్రకటనలు ఆగిపోయాయి. ప్రకటనల డబ్బు ఎక్కడ పెట్టాలో తెలియని ఆర్.జే. రేనాల్డ్స్ కంపెనీ అదే ఏడాది తన విన్‌స్టన్ సిగరెట్ పేరుతో నాస్కార్‌లోకి వచ్చింది, 2003 దాకా ప్రధాన పోటీ పేరే విన్‌స్టన్ కప్. ఒక తలుపు మూసుకున్న డబ్బు ఇంకో తలుపు వెతుక్కుంటుంది, దాన్ని ముందుగా పసిగట్టినవాడిదే లాభం. మన దేశంలో 2003 చట్టం పొగాకు కంపెనీలకు స్పాన్సర్‌షిప్ దారి కూడా మూసింది. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంతో డబ్బు పందేల యాప్‌ల ప్రకటనలు ఆగి, భారత క్రికెట్ జట్టు చొక్కా మీది డ్రీమ్ ఇలెవన్ పేరే తొలగిపోయింది. ఆ చోటుకు అపోలో టైర్స్ వచ్చింది. బోర్డుకు వారాల్లో ఇంకొకరు దొరికారు, మీ అబ్బాయికి దొరకరు. చట్టం అంచున నడిచే వ్యాపారం ఎంత పెద్ద చెక్కు చూపించినా, దాని మీద సీజన్ మొత్తం ఆధారపడకండి.

కంపెనీల సామాజిక బాధ్యత నిధుల గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ప్రతి రెండో తండ్రి అదే అడుగుతాడు. 2013 కంపెనీల చట్టం కింద పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. అయితే తన సరుకుకు ప్రచారం వచ్చేలా స్పాన్సర్ చేసిన ఖర్చు ఆ లెక్కలోకి రాదని నియమాల్లో స్పష్టంగా ఉంది. కారు మీద లోగో వేస్తామంటూ ఆ విభాగానికి ఉత్తరం రాస్తే మర్యాదగా పక్కన పెడతారు. మీ ఉత్తరం వెళ్లవలసింది మార్కెటింగ్ విభాగానికి, చిన్న సంస్థ అయితే నేరుగా యజమానికి.

చెన్నైలో ఆ యజమానులు ఎక్కడుంటారో వేరే చెప్పనక్కరలేదు. జనరల్ పాటర్స్ రోడ్డులో కార్ల ఉపకరణాల దుకాణాలు, పాడి, అంబత్తూరు ఎస్టేట్లలో విడిభాగాలు తయారు చేసే సంస్థలు, ట్రాక్ ఉన్న ఇరుంగాట్టుకోట్టైలోనే హ్యుందాయ్ కర్మాగారమూ దానికి సరుకు అందించే చిన్న కంపెనీలూ. ఉత్తరాన తడ దాటితే శ్రీసిటీ. అక్కడి సంస్థల్లో తెలుగులోనే మాట్లాడవచ్చు. కానీ ఒక హెచ్చరిక. "మనవాడు" అన్న మాటకు మంచి కాఫీ వస్తుంది, చెక్కు రాదు. నేను రాసిన ఉత్తరాల్లో ఫలించినవి ఎక్కువగా భాష కలిసినవాళ్లకు కాక వ్యాపారం కలిసినవాళ్లకు వెళ్లినవే. భాష పనికొచ్చేది జట్ల స్థాయిలో. హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ జట్టును 2023లో నాగచైతన్య తీసుకున్నాక రేసుల ఊసే ఎత్తని మా బంధువులు కూడా ఇండియన్ రేసింగ్ లీగ్ గురించి అడగడం మొదలుపెట్టారు. అభిమానుల ఓటుకూ భాష, దేశం పనికొస్తాయి. తమిళనాడుకు చెందిన రేసు డ్రైవర్ నారాయణ్ కార్తికేయన్ 2010లో నాస్కార్ ట్రక్ సిరీస్‌లో కొన్ని రేసులే నడిపినా, ఆ ఏడాది అభిమానుల ఓట్లతో అత్యంత ప్రజాదరణ పొందిన డ్రైవర్‌గా నిలిచాడు. అన్ని ఓట్లు పడినా తరువాతి ఏడాది ఆయన అక్కడ నడపలేదు.

సరైన చోట కనబడుతూ ఉండటం గురించి చెప్పవలసి వచ్చినప్పుడల్లా నేను అలన్ కుల్వికీ కథ చెబుతాను. ఈయన విస్కాన్సిన్‌కు చెందిన మెకానికల్ ఇంజనీరు. సొంత జట్టు పెట్టుకుని తనే నడిపేవాడు. జూనియర్ జాన్సన్ అనే పెద్ద యజమాని తన కారు నడపమని పిలిస్తే వద్దన్నాడు. తాను ఆశ పెట్టుకున్న కాఫీ పొడి కంపెనీ ఆ జాన్సన్ జట్టుకే వెళ్లిపోయింది. 1991 సీజన్ స్థిరమైన స్పాన్సర్ లేకుండానే మొదలైంది. మార్చిలో అట్లాంటా రేసుకు హూటర్స్ రెస్టారెంట్ల సంస్థ వేరొక డ్రైవర్ కారుకు డబ్బిచ్చింది, ఆ కారు అర్హత సాధించలేకపోయింది. పేరు వేయించుకోవడానికి కారు లేని స్పాన్సర్, పేరు లేని కారుతో కుల్వికీ, ఇద్దరూ ఒకే ప్రాంగణంలో ఉన్నారు. ఆ ఒక్క రేసుకని కుదిరిన బేరం, ఆయన ఎనిమిదో స్థానంలో ముగించాక సీజన్‌కు పెరిగింది. మరుసటి ఏడాది చివరి రేసు కూడా అట్లాంటాలోనే. బిల్ ఇలియట్ రేసు గెలిచాడు, కుల్వికీ రెండో స్థానంలో ఉన్నాడు. అయితే ఎక్కువ ల్యాపులు ముందున్నవాడికి అదనంగా ఐదు పాయింట్లు వస్తాయి. ఇలియట్ 102 ల్యాపులు ముందుంటే కుల్వికీ 103 ల్యాపులు ఉండేలా లెక్క వేసుకుని నడిపాడు. ఛాంపియన్‌షిప్ 10 పాయింట్ల తేడాతో ఆయనదైంది. కొన్ని నెలలకే, 1993 ఏప్రిల్‌లో, విమాన ప్రమాదంలో మరణించాడు.

ఇందులో మనకు పనికొచ్చేది ఆ మార్చి నెల సంగతి. స్పాన్సర్ దొరకలేదని కుల్వికీ ఇంట్లో కూర్చోలేదు. ట్రాక్‌లో ఖాళీ బానెట్‌తోనైనా కనబడుతూ ఉండండి. పాడాక్‌లో ఏ కారుకు ఎవరు డబ్బిస్తున్నారో, ఎవరికి వాళ్ల జట్టుతో సరిపడటం లేదో చెవులు రిక్కించి వినండి.

ఎదురుగా కూర్చున్నప్పుడు

జనరల్ పాటర్స్ రోడ్డు దగ్గర బ్యాటరీల టోకు వ్యాపారం చేసే ఒక పెద్దాయన దగ్గరకు నేనూ మా మేనల్లుడూ వెళ్లాం. వాడు నలభై పేజీలు ల్యాప్‌టాప్‌లో తయారు చేసుకున్నాడు: చిన్ననాటి ఫొటోలు, కప్పులు, ఇన్‌స్టాగ్రామ్ లెక్కలు. పెద్దాయన ఆరో పేజీ దగ్గర చేయెత్తి ఆపారు.

"బాబూ, నువ్వు గెలిస్తే నా బ్యాటరీ ఒక్కటి ఎక్కువ అమ్ముడుపోతుందా?"

మావాడు నా వైపు చూశాడు. నేను బల్ల మీది టీ గ్లాసు వైపు చూశాను.

"పోదు," అని ఆయనే జవాబు చెప్పుకున్నారు. "బ్యాటరీ పోయిందని కారు షెడ్డుకు వస్తే, ఏది వేయాలో చెప్పేది మెకానిక్. నాకు ఈ ఊళ్లో నలభై మంది మెకానిక్‌లతో పని. వాళ్లకు ఒక ఆదివారం ఆ ట్రాక్ లోపలికి తీసుకెళ్లి, రేసు కారు దగ్గర నిలబెట్టి, బిరియానీ పెట్టించగలవా? అది రాసుకురా, మాట్లాడదాం."

దారిలో మావాడు, "ఆయనకు రేసింగ్ అంటే ఏమిటో తెలియదు మామయ్యా," అన్నాడు చిన్నబుచ్చుకుని. నిజానికి ఆ గదిలో రేసింగ్ వ్యాపారం తెలిసింది ఆయన ఒక్కరికే. జో గిబ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ 1990ల మొదట్లో రేసు జట్టు పెట్టాలనుకున్నప్పుడు ఆయనకు తొలి స్పాన్సర్‌గా వచ్చింది ఇంటర్‌స్టేట్ బ్యాటరీస్. దేశమంతటా డీలర్ల ద్వారా బ్యాటరీలు అమ్ముకునే ఆ సంస్థకు తన డీలర్లను సంతోషపెట్టే సందర్భం అవసరం. జట్టు 1992లో బరిలో దిగింది, 1993లో డేల్ జారెట్ అదే పేరున్న కారులో నాస్కార్‌లో అన్నిటికన్నా పేరున్న డేటోనా 500 రేసు గెలిచాడు. ఆ సంబంధం మూడు దశాబ్దాలు దాటి సాగుతోంది.

అందుచేత ఉత్తరం ఒక్క పేజీకి మించకూడదు. మొదటి పేరాలో మీ అబ్బాయి ఊసే ఉండకూడదు. ఆ వ్యాపారి ఎవరికి అమ్ముతాడు, వాళ్లలో ఎందరిని ఏ తేదీన ట్రాక్‌కు రప్పించగలరు, వాళ్లకు ఏమి చూపిస్తారు అన్నది ముందు రాయండి. రెండో పేరాలో ఎవరు నడుపుతారు, ఏ జట్టు, ఏ తేదీల్లో ఎన్ని రేసులు. మూడోదానిలో ఎంత కావాలో అంకెల్లో, అది ఎన్ని వాయిదాల్లో కావాలో రాయండి. "మీకు తోచినంత" అని రాయడం మన వాళ్లకు మర్యాదగా అనిపిస్తుంది. వ్యాపారికి అది లెక్క తెలియనివాడి గుర్తు. మొత్తం సీజన్ భరించలేనంటే రెండు రేసులకు అడగండి. నాస్కార్‌లో ఏడాదికి 36 రేసులు, ఇప్పుడు చాలా కార్ల బానెట్ మీది పేరు వారం వారం మారుతూనే ఉంటుంది.

రంగుల పట్టుదల గురించి ఒక్క మాట. ఏడుసార్లు ఛాంపియన్ అయిన రిచర్డ్ పెటీ 1972లో ఇంజన్ ఆయిల్‌లో కలిపే ద్రవాలు అమ్మే ఎస్‌టీపీ కంపెనీతో ఒప్పందానికి కూర్చున్నప్పుడు వాళ్లు కారంతా ఎర్రగా ఉండాలన్నారు, ఆయన తన కుటుంబపు నీలం రంగు వదలనన్నాడు. చివరకు ఎరుపు, నీలం రెండూ పూశారు. దశాబ్దాల పాటు అమెరికాలో అందరూ గుర్తుపట్టిన కారు అదే. పెటీ స్థాయికి చేరేదాకా మాత్రం స్పాన్సర్ అడిగిన రంగు వేసుకోవడం మంచిది.

కాగితం మీద

మాట కుదిరాక సంతకానికి తొందరపెట్టేది మీరే కావాలి. ఒక సంస్థ ఫోనులో సరేనన్న ధైర్యంతో మేము స్టిక్కర్లు అంటించి రెండు రేసులు నడిపాం. మూడో రేసు నాటికి అక్కడి మేనేజరు మారాడు, కొత్తాయనకు మా పేరే తెలియదు. ఆ డబ్బు ఇప్పటికీ రాలేదు. సగం సొమ్ము స్టిక్కర్ అంటించక ముందు, మిగిలినది సీజన్ సగంలో అన్నది అప్పటి నుంచి మేము పెట్టుకున్న నియమం.

అబ్బాయికి 18 ఏళ్లు నిండకపోతే వాడి సంతకానికి విలువ లేదు. మైనర్ చేసుకున్న ఒప్పందం మన కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లదు. తండ్రో తల్లో తమ పేరు మీదనే బాధ్యత తీసుకుని సంతకం చేయాలి. జీఎస్‌టీ విషయం చాలామంది తారుమారు చేస్తారు. వ్యక్తిగా డ్రైవర్ ఒక కంపెనీ నుంచో భాగస్వామ్య సంస్థ నుంచో స్పాన్సర్‌షిప్ తీసుకుంటే ఆ పన్ను కట్టవలసింది డబ్బిచ్చే సంస్థే. అదే డబ్బు ప్రైవేట్ లిమిటెడ్‌గా నమోదైన జట్టు పేరున వస్తే, 2025 జనవరి నుంచి, జట్టే బిల్లులో పన్ను వేసి కట్టాలి. బిల్లు ఎవరి పేరున వెళుతుందో ముందే ఆడిటర్‌తో కూర్చుని తేల్చుకోకపోతే 18 శాతం తేడా దగ్గర స్నేహాలు చెడతాయి.

పోటీ నిర్వాహకుల స్పాన్సర్‌తో మీ స్పాన్సర్‌కు వ్యాపార వైరం ఉందేమో తప్పక చూడండి. 2004లో నాస్కార్ పోటీకి నెక్స్‌టెల్ అనే టెలిఫోన్ కంపెనీ పేరు వచ్చాక వేరే టెలిఫోన్ కంపెనీలు కొత్తగా రాకూడదన్నారు. అప్పటికే ఉన్న సింగులర్ కారును మాత్రం ఉండనిచ్చారు. సింగులర్ పేరు ఏటీ అండ్ టీగా మారినప్పుడు కొత్త పేరు వేయనివ్వమన్నందుకు 2007లో కోర్టు దాకా వెళ్లింది. చివరికి 2008 తరువాత ఆ సంస్థ ఆ కారును వదులుకోవలసి వచ్చింది. మన దగ్గర ఈ తగాదా టైర్లు, ఆయిళ్ల మీద వస్తుంది. టైరు కంపెనీ పేరున్న పోటీలో వేరే టైరు పేరు రాసుకుని వెళితే రేసు ముందు కార్లను తనిఖీ చేసే స్క్రూటినీ దగ్గరే ఆపేస్తారు.

నడవడి గురించిన షరతు కూడా ఉంటుంది, దాన్ని అబ్బాయి చేత బిగ్గరగా చదివించండి. 2020 ఏప్రిల్‌లో, ఇంట్లో కూర్చుని ఆడే కంప్యూటర్ రేసులో నాస్కార్ డ్రైవర్ కైల్ లార్సన్ నోట జాతిని కించపరిచే ఒక్క మాట వెలువడింది. మైకు తెరిచి ఉంది. రోజుల్లో స్పాన్సర్లు వెళ్లిపోయారు, జట్టు ఉద్యోగం తీసేసింది. మరుసటి ఏడాది రిక్ హెండ్రిక్ పిలిచి సీటిచ్చాడు గానీ చాలా రేసుల్లో బానెట్ మీద ఉన్నది హెండ్రిక్ సొంత కార్ల షోరూముల వ్యాపారం పేరే. ఆ కారులోనే లార్సన్ 10 రేసులూ ఛాంపియన్‌షిప్పూ గెలిచాడు. షోరూములున్న యజమాని అందరికీ దొరకడు. నడవడి జట్టుదైనా దెబ్బ డ్రైవర్‌కు తగలవచ్చు: 2013లో రిచ్‌మండ్ రేసులో మైకేల్ వాల్ట్రిప్ జట్టు ఫలితాన్ని తారుమారు చేయడానికి చూసిందని 3 లక్షల డాలర్ల జరిమానా పడింది, నాపా అనే విడిభాగాల సంస్థ తప్పుకుంది, ఆ ఎత్తుగడలో పాత్ర లేని మార్టిన్ ట్రూఎక్స్ సీటు పోయింది.

ఇచ్చేవాడి మంచిచెడ్డలు మీరు కూడా చూసుకోవాలి. డీసీ సోలార్ అనే సంస్థ నాస్కార్‌లో ధారాళంగా ఖర్చు పెట్టింది. 2018 డిసెంబరులో దాని మీద ఫెడరల్ అధికారులు దాడి చేశారు, అది పెద్ద మోసమని తేలింది. దాని డబ్బుతో రెండో శ్రేణి పోటీలో నడిచే కారు కొత్త సంవత్సరంలోకి అడుగే పెట్టలేదు.

డబ్బు వచ్చాక

రేసు ముగిసిన నాస్కార్ విజేత చేసే పని చూడండి. కారు దిగగానే ఊపిరి తీసుకోకుండానే స్పాన్సర్ల పేర్లు వరసగా చెబుతాడు. తరువాత కప్పు పక్కన నిలబడి ఒక్కొక్క స్పాన్సర్ టోపీ పెట్టుకుని ఫొటో దిగుతాడు, తీసి ఇంకొకటి పెట్టుకుంటాడు. టోపీల ఆట అని దానికి పేరే ఉంది. చూడటానికి నవ్వు వస్తుంది. కానీ ప్రతి స్పాన్సర్ ఆఫీసు గోడ మీద తన టోపీ ఒక్కటే ఉన్న విజేత ఫొటో వేలాడుతుంది. మీ అబ్బాయి పన్నెండో స్థానంలో వచ్చినా ఆ ఫొటో తీయించండి. సోమవారం సాయంత్రానికి నాలుగు ఫొటోలు, ఐదు వాక్యాలు వ్యాపారి ఫోనుకు చేరాలి. ఓడిపోయిన వారం మానేస్తే అది ఆయనకు వెంటనే తెలుస్తుంది.

బ్యాటరీల పెద్దాయన నలభై మందిని తెస్తానని నలభై ఏడుగురిని తెచ్చారు. మావాడి గేర్‌బాక్స్ మూడో ల్యాప్‌లోనే పోయింది. వాడు హెల్మెట్ తీయకుండా టెంటు వెనుక కూర్చుంటే, మెకానిక్‌లు కారు చుట్టూ చేరి, బిరియానీ పొట్లాలు టైర్ల మీద పెట్టుకుని, ఆ గేర్‌బాక్స్ ఎందుకు పోయిందో తమిళంలోనూ తెలుగులోనూ గంటసేపు వాదించుకున్నారు. పెద్దాయన ముఖంలో అంత సంతోషం నేను దుకాణంలో ఎప్పుడూ చూడలేదు. రెండో ఏడాది మేము అడగక ముందే ఎంతమందికి పాస్‌లు ఇస్తారని ఆయనే అడిగారు.

అయినా రెండో ఏడాది దానంతట అదే వస్తుందనుకోకండి. సీటు పోగొట్టుకున్న ఆ ట్రూఎక్స్‌నే డెన్వర్‌లోని ఫర్నిచర్ రో జట్టు చేరదీసింది, 2017లో ఆయన ఛాంపియన్ అయ్యాడు. ప్రధాన స్పాన్సర్లలో ఒకరు తప్పుకుంటే, ఆ చోటు నింపేవారు దొరక్క, ఛాంపియన్ జట్టు 2018 చివరికి మూతపడింది. మన కంపెనీల లెక్కల సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, ప్రచారానికి ఎంత ఖర్చు పెట్టాలన్నది జనవరి, ఫిబ్రవరిల్లో తేలుతుంది. కాబట్టి వచ్చే సీజన్ ఉత్తరం డిసెంబరులోనే, సంక్రాంతికి మీరు ఊరికి రైలెక్కక ముందే, ఆయన బల్ల మీద ఉండాలి. దానితో పాటు ఈ ఏడాది వచ్చిన అతిథుల పేర్ల జాబితా, ఖర్చుల లెక్క, ఆ టోపీ ఫొటో జతచేయండి.